నోట్లో ముద్ద ఉండగా రాజీ

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో ఏ తలుపు తట్టినా ఒక ఎమ్మెస్సో, ఒక పీహెచ్‌డీయో తెరుస్తారు. మా తలుపు తడితే తొమ్మిదో తరగతి తెరుస్తుంది, అదీ సగంలో ఆపేసింది. మొత్తం కాంప్లెక్సు సగటు చదువు నా ఒక్కడి వల్లే పడిపోయిందనీ, ఆ లెక్క చూపించి ఆఫీసువాళ్ళని అద్దె తగ్గించమని అడగమనీ మా ఆవిడ పోరు.

ఇలాంటివాడు కార్ ఇన్సూరెన్స్ ఎలా అమ్మాడని మీకు సందేహం రావచ్చు. మా అక్క నర్సుగా ఈ దేశమొచ్చి నన్ను రప్పించింది. గ్యాస్ స్టేషన్‌లో పెట్రోలు పోశాను, తర్వాత టాక్సీ తోలాను. ఒకరోజు ఒక గుజరాతీ పెద్దాయన నా టాక్సీ దిగుతూ, "ఇంత వాగుతున్నావు, నా ఇన్సూరెన్స్ ఏజెన్సీలో కూర్చుని వాగరాదూ? కమీషనయినా వస్తుంది" అన్నాడు. లైసెన్సు పరీక్ష ఒకటికి రెండుసార్లు తప్పాను. ఆ తర్వాత పాసయ్యాను. కంప్యూటర్‌కి కూడా జాలి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఆ ఉద్యోగంలో నవ్వించిన సంగతులు చాలా గుర్తొస్తాయి. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం వాటిలోది కాదు. కొత్తగా వచ్చిన పిల్లలు కారు కొనగానే వాట్సాప్ గ్రూపులో "చీపెస్ట్ ఇన్సూరెన్స్ ఎవరిస్తారు బ్రో?" అని అడగడం చూస్తుంటాను. అది చూసినప్పుడల్లా నాకు ఒక శనివారం గుర్తొస్తుంది. మీకోసమే రాస్తున్నాను. చదివి నవ్వుకున్నా సరే, చదవండి.

నా దగ్గర పాలసీ తీసుకున్న ఒక అమ్మాయి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేది, హెచ్-వన్-బీ వీసా మీద. మొగుడిది డిపెండెంట్ వీసా, ఇంకా పని పర్మిట్ రాలేదు. ఇంట్లో జీతం తనొక్కతిదే. పాలసీ రాసేటప్పుడు ఒక్కో లైనూ చూపించి "ఇదెందుకంకుల్? ఇది తీసేయండి, ఇదీ తీసేయండి" అంటూ వంకాయలో పుచ్చు ఏరినట్టు ఏరింది. అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ అనే లైను దగ్గరకొచ్చాం.

"ఇదేంటంకుల్?"

"నిన్ను గుద్దినవాడి పాలసీ మరీ చిన్నదైతే, నీ నష్టానికి అది చాలకపోతే, మిగిలినదాంట్లో నీ సొంత పాలసీ సాయం చేస్తుంది తల్లీ."

"వాళ్ళు గుద్దితే నేనెందుకు కట్టుకోవాలి?"

"మంచి ప్రశ్న. కోర్టులో అడగదగ్గ ప్రశ్న. ఆస్పత్రి మంచం మీద అడిగితే మాత్రం జవాబు రాదు."

నా మాటల్లో సారం కన్నా నా వాగుడు ఆగుతుందనే ఆశ ఎక్కువ పనిచేసి, ఉంచేయమంది.

తర్వాతి శరదృతువులో, సన్నగా వాన పడుతున్న ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తోంది. సిగ్నల్ పచ్చగా ఉంది, నేరుగా పోతోంది. ఎదురుగా ఎడమవైపు తిరగాలని ఆగిన ఒక కారు, దారి ఖాళీ అనుకుని అమ్మాయి కారుకి అడ్డంగా తిరిగేసింది. అమ్మాయి కారు డ్రైవర్ వైపు తలుపు లోపలికి నొక్కుకుపోయింది.

ఆ తిరిగిన కారులో ఉన్నదెవరో తెలిస్తే మీకు కథ సగం అర్థమవుతుంది. ఆవిడ మా చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ కూరల ఆంటీ. భర్త పోయాక ఇంట్లో వంట చేసి కూరలూ, పప్పూ, దోసెల పిండీ అమ్ముతూ చిన్న టౌన్‌హౌస్ నిలబెట్టుకుంది. ఈ అమ్మాయి ఈ దేశంలో దిగిన మొదటి వారం తిన్న అన్నం ఆవిడ వండిందే. ఆ సాయంత్రం ఆవిడ డెలివరీ మీద కూడా లేదు, కళ్ళద్దాలు తెచ్చుకోవడానికి వెళుతోంది.

పోలీసు వచ్చాడు, తప్పు ఆంటీదని రాసుకున్నాడు. అంబులెన్సు పిలవనా అని అమ్మాయిని అడిగాడు. మనవాళ్ళకి యాక్సిడెంట్ కంటే అంబులెన్సు బిల్లంటే ఎక్కువ భయం. "ఐ యామ్ ఫైన్" అంది. పైగా వానలో వణుకుతున్న ఆంటీని పట్టుకుని "ఏం కాలేదాంటీ, ఏడవకండి" అని తనే ఓదార్చిందట.

ఫైన్ కాదని కొద్దిరోజులకే తెలిసింది. ముందు మెడ పట్టేసింది. తర్వాత కుడి చెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. ఫోన్ చేసి కనుక్కుంటే "తగ్గిపోతుందంకుల్, అర్జెంట్ కేర్‌లో మాత్రలిచ్చారు" అనేది. తగ్గలేదు. మౌస్ పట్టుకోలేక సెలవు పెట్టింది. మేనేజర్ చాలా మర్యాదగా, వారం వారం, ఎప్పుడొస్తావని అడగడం మొదలుపెట్టాడు. వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ మర్యాద ఎంత భయంకరంగా వినిపిస్తుందో నేను చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి కొద్ది వారాల గడువు, అది దాటితే సూట్‌కేసు. చేతులు బాగున్నవాళ్ళకే ఆ గడువు చాలదు. టైపు చెయ్యలేని చేతిని చూసి ఎవడు ఉద్యోగమిస్తాడు?

న్యూజెర్సీలో ఆస్పత్రి బిల్లులు ముందు మన సొంత పాలసీయే కడుతుంది, కాని దానికీ ఒక హద్దుంది. ఆ హద్దు దాటాక వచ్చే ఖర్చు, పోయిన జీతం, చెయ్యి సరిగా రాకపోతే ముందున్న బతుకు, ఇవన్నీ ఆంటీ పాలసీలోంచి రావాలి. ఆంటీది చట్టం ఒప్పుకునే అతి చిన్న పాలసీ. గిద్దెడు గిన్నె.

అప్పుడొచ్చింది ఆ శనివారం.

పొద్దున ఏజెన్సీలో ఉన్నాను. అమ్మాయి మొగుడు ఫోన్ చేశాడు, గొంతులో పెళ్ళి సందడి.

"అంకుల్, ఈ రోజు క్లబ్‌హౌస్‌లో లంచ్, మీరూ రండి. డాక్టర్ గారు మాట్లాడి మొత్తం సెటిల్ చేసేశారు. ఆంటీ వాళ్ళ ఇన్సూరెన్స్ పాలసీలో ఉన్నంతా, ఫుల్ లిమిట్ ఇచ్చేస్తారంట. ఇక ఆంటీని ఏమీ అడగమని రాసిచ్చే రిలీజ్ లింక్ ఫోన్‌కే పంపారు, సంతకం పెట్టేస్తే క్లోజ్. ఆంటీ టెన్షన్‌తో నిద్ర కూడా పోవట్లేదంట, పాపం."

డాక్టర్ గారంటే మా ఊళ్ళో పెద్దమనిషి. చాలాకాలం క్రితం వచ్చి స్థిరపడి, రిటైరైన మత్తు డాక్టర్. మొగుడూ పెళ్ళాల గొడవైనా, అసోసియేషన్ తగాదా అయినా రాజీ ఆయనే చేస్తారు. వృత్తిలో అలవాటైన పనే, ఎవరికీ నొప్పి తెలియకుండా కోత పూర్తి చేయించడం.

నేను ఫోన్ పెట్టేసి, పక్క బల్ల దగ్గరున్న మా క్లెయిముల ఆవిడతో "నాకు ఊరికే భోజనం దొరికింది, నువ్వు నీ శాండ్‌విచ్ తిను" అని ఊరించి, సంగతి చెప్పాను. ఆవిడ పోర్టోరికో మనిషి. నా జోకులకి నవ్వకూడదని ఏనాడో ఒట్టు పెట్టుకుంది. నమలడం ఆపేసింది.

"ఆ అమ్మాయికి మన దగ్గర అండర్‌ఇన్సూర్డ్ ఉంది కదా?"

"ఉంది. నేనే అంటగట్టాను."

"మన కంపెనీకి చెప్పారా? ఆ సెటిల్‌మెంట్‌కి పర్మిషన్ తీసుకున్నారా?"

"ఇది మనవాళ్ళ మధ్య రాజీ. మన కంపెనీకేం సంబంధం?"

"సంబంధమేంటా? ఆ అమ్మాయికి మనం డబ్బిస్తే, గుద్దిన మనిషి దగ్గర్నుంచి అది రాబట్టుకునే హక్కు మన కంపెనీకుంటుంది. ఆ అమ్మాయి అడక్కుండా ఆ మనిషిని వదిలేస్తూ సంతకం పెడితే ఆ హక్కు పోతుంది. హక్కు పోయిందని మనవాళ్ళు క్లెయిమే కొట్టేయొచ్చు. నేను చూశాను, కొట్టేశారు." శాండ్‌విచ్ కాగితంలో చుట్టేసింది. "ఇంకా ఇక్కడే నిలబడ్డావేం?"

ఈ ప్రశ్న నాకు లైసెన్సు పరీక్షలో వచ్చిందని అప్పుడు గుర్తొచ్చింది. తప్పు జవాబు పెట్టాననీ గుర్తొచ్చింది.

మొగుడికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. అమ్మాయికి చేశాను, నేరుగా వాయిస్‌మెయిల్. మనవాళ్ళ భోజనాల దగ్గర ఫోన్లన్నీ ఒక మూల చార్జింగులో పడుంటాయని నాకు తెలుసు. ఒక్కటి మాత్రం ఎవరి చేతిలోనో ఉంటుంది, ఆ లింకు తెరిచి. "సంతకం పెట్టకండి, నేనొచ్చేదాకా ఆగండి" అని మెసేజ్ కొట్టాను. చేరింది. ఎవరూ చూడలేదు.

టాక్సీ తోలినన్నాళ్ళూ ప్రయాణికుల్ని హడావుడి పడొద్దని వెక్కిరించినవాణ్ణి. ఆ పూట స్టీరింగ్ మీద నా చేతులు జారిపోయేంత చెమట. వాళ్ళ కార్లు గుద్దుకున్న సిగ్నల్ దగ్గరే నాకు ఎర్ర దీపం పడింది. ఎదుటి కారు తిరగాలని ముందుకు జరుగుతోంది. వేలితో ఒక్క నొక్కు చాలు. కాగితమూ కలమూ రోజుల్లో అయితే సాక్షి సంతకం అనో, కలంలో సిరా లేదనో కాస్త ఆలస్యమయ్యేది. ఫోన్ సంతకానికి ఆ సుగుణం లేదు. నేను సిగ్నల్ దగ్గర కూర్చున్న ఈ క్షణంలోనే ఆ అమ్మాయి చెయ్యీ, జీతమూ, ఈ దేశంలో ఉండే హక్కూ ఒక్క నొక్కుతో కొట్టుకుపోతున్నాయేమోనని, అమ్మాయి మొగుడికి మళ్ళీ ఫోన్ చేశాను.

క్లబ్‌హౌస్ తలుపు తోసేసరికి పులిహోర వాసన. నేను చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్ళముందుంది.

సోఫాలో అమ్మాయి కూర్చుంది, కుడి చెయ్యి ఒళ్ళో చచ్చిన చేపలా పడుంది. పక్కన కూరల ఆంటీ. ఎడం చేత్తో తినడం అమ్మాయికి మనసొప్పక, కుడి చేతిలో ముద్ద నిలవక, పళ్ళెం ముట్టకుండా కూర్చుంటే చూడలేక, ఆంటీ తనే పులిహోర ముద్దలు చేసి నోట్లో పెడుతోంది. పెడుతూ ఏడుస్తోంది. గుద్దిన చెయ్యే అన్నం పెడుతోంటే నోట్లో ముద్ద పెట్టుకుని ఎవరు కాదనగలరు చెప్పండి? కోర్టులో పెద్ద పెద్ద లాయర్లు చెయ్యలేని పని అది.

డాక్టర్ గారు ఫోన్ పట్టుకుని అమ్మాయి ముందుకు వంగి ఉన్నారు. "ఇదిగో ఈ గడిలో అమ్మా. వేలితో రాసెయ్యి, అంతే."

"ఆగండి!" అన్నాను. అన్నానా, అరిచాను. గరిటెలు ఆగాయి.

"ఏమయ్యా, భోజనం అయిపోతుందనా?" అన్నారు డాక్టర్ గారు. అందరూ నవ్వారు. నేనెప్పుడొచ్చినా నవ్వించడానికే కదా వచ్చేది.

"సంతకం పెట్టిందా?"

"పెట్టలేకపోతోంది పాపం. ఎడం చేత్తో పెట్టమంటే శుభమా అని వద్దంటుంది, కుడి చేత్తో రాస్తే గీతలు పోతున్నాయి. రెండుసార్లు ఈ దిక్కుమాలిన ఫోను తీసుకోలేదు. నువ్వు చెప్పు, ఏ చెయ్యయితేనేం?"

నేను అక్కడే కుర్చీలో కూలబడ్డాను. ఎడం చేత్తో మంచి పని చెయ్యకూడదన్న పట్టింపు మీద నేను వేసిన జోకులన్నీ ఆ క్షణాన వెనక్కి తీసుకున్నాను.

"ఏ చేత్తోనూ వద్దండీ. ముందు తన సొంత కంపెనీకి చెప్పాలి. వాళ్ళు సరేనన్నాకే సంతకం. ఇప్పుడు పెడితే తన పాలసీలో తనకి రావలసింది పోవచ్చు."

"అంటే కేసు వేయిస్తావా?" డాక్టర్ గారి ముఖం మారింది. "మనలో మనం సర్దుకుంటుంటే నీకేమిటయ్యా మధ్యన? దీంట్లో నీకు కమీషనేమైనా ఉందా?"

"కేసొద్దంకుల్" అంది అమ్మాయి భయంగా. "గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. కోర్టూ అవీ వద్దు. ఆంటీ మీద నాకేం కోపం లేదు."

"కోపం లేకపోతే మంచిదే తల్లీ. చెయ్యి లేకపోతే?"

నేను డాక్టర్ గారి చేతిలో ఫోను వంక చూశాను. సంతకం గడిలో అమ్మాయి పేరు లేదు. వానపాము పాకినట్టు ఒక గీత. డాక్టర్ గారూ దాన్నే చూస్తున్నారు. ఆయన ఫోను బల్ల మీద పెట్టి, కళ్ళద్దాలు సవరించుకుని, అమ్మాయి కుడి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు.

"నా వేలు గట్టిగా పట్టుకో."

"పట్టుకున్నానంకుల్."

"ఇంకా గట్టిగా."

"పట్టుకున్నాను."

ఆయన ముఖంలోంచి పెద్దమనిషి దిగిపోయాడు, డాక్టర్ ఎక్కాడు. బొటనవేలు మడవమన్నారు. వేళ్ళు విడదీయమన్నారు. మెడ ఒక పక్కకి వంచి "ఇప్పుడు?" అన్నారు. అమ్మాయి కెవ్వుమంది. ఆంటీ చేతిలో ముద్ద పళ్ళెంలో పడిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది?"

"యాక్సిడెంట్ అయిన తర్వాతి వారం నుంచి."

"ఇన్ని రోజులూ నా ముందే తిరుగుతున్నావు, నేను అడగలేదు." ఆ మాట అందరికీ కాదు, ఆయనకే చెప్పుకున్నట్టుంది. "ఇది మాత్రలతో పోయేది కాదమ్మా. మెడలో నరం నొక్కుకుంటోంది. వెంటనే స్కాన్ తీయించాలి. ఆపరేషన్ పడొచ్చు. సంతకం సంగతి తర్వాత చూద్దాం."

అయిపోయింది కదా అనుకుంటున్నారా? నాకు ఆ రోజు అన్నిటికన్నా భయం వేసింది ఆ తర్వాత.

ఆంటీ చెయ్యి కడుక్కోకుండానే నా ముందుకొచ్చి నిలబడింది. "అన్నయ్యగారూ, నాకొక్కటి చెప్పండి. తన కంపెనీ తనకి డబ్బిస్తుంది. బాగుంది, ఇవ్వాలి. ఇచ్చాక ఆ కంపెనీ నా మీదకొస్తుందా? నా ఇల్లు పోతుందా?"

అందరూ నా వంక చూశారు. పోదమ్మా అనేస్తే అప్పటికి ఊరట. కాని అది నాకు తెలియదు.

"రావొచ్చమ్మా. ఆ హక్కు వాళ్ళకుంది. మీ దగ్గర ఏముందో విచారిస్తారు. రాబట్టడానికి పెద్దగా ఏం లేదనుకుంటే చాలాసార్లు వదిలేస్తారు. వదులుతారని నేను మాటివ్వలేను."

ఆవిడ ముఖం తెల్లబోయింది. అమ్మాయి సోఫాలోంచి లేవబోయి "అయితే నాకొద్దంకుల్, ఆ డబ్బు నాకొద్దు" అంది. నిజంగానే అంది. ఫోను బల్ల మీదే ఉంది, లింకు తెరిచే ఉంది. ఎడం చెయ్యి దాని వైపు వెళ్ళింది.

ఆంటీ ఆ ఫోను లాక్కుంది. పులిహోర చేత్తోనే.

"నోర్మూసుకుని కూర్చో! ఇల్లు పోతే అద్దెకుంటాను. నీ చెయ్యి పోతే నేనేం చెయ్యను? జన్మంతా ముద్దలు పెట్టనా?"

ఆ సోమవారం అమ్మాయిని ఒక లాయరు దగ్గరికి పంపాను. నేను ఏజెంటుని, సలహాలిచ్చే హద్దు నాకూ ఉంది, అంతకుమించి నోరు జారితే నా లైసెన్సు పోతుంది. లాయరు మా కంపెనీకి రాశాడు: ఎదుటివాళ్ళు లిమిట్ మొత్తం ఇస్తున్నారు, ఒప్పుకోమంటారా, లేక ఆ సొమ్ము మీరే ఇచ్చి మీ హక్కు అట్టిపెట్టుకుంటారా అని. జవాబివ్వడానికి వాళ్ళకి కొంత గడువుంటుంది. ఆ గడువంతా మా ముగ్గురి ఇళ్ళలో ఎవరికీ తిండి సహించలేదు. ఆంటీ వంట మానలేదు గాని, పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. వాట్సాప్ గ్రూపులో ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. నీళ్ళు కలుపుకుని తిన్నారు. పోస్టువాడి బండి చప్పుడైతే ఆవిడ కిటికీ తెర వేసేసేదని తర్వాత తెలిసింది. నేను రోజూ మా క్లెయిముల ఆవిడ బల్ల చుట్టూ తిరిగేవాణ్ణి. జోకు వెయ్యడం మానేశానని ఆవిడకి అనుమానమొచ్చి, ఒంట్లో బాగోలేదా అని అడిగింది.

చివరికి ఒకరోజు ఆవిడే పిలిచి స్క్రీన్ తిప్పి చూపించింది. కంపెనీ ఒప్పుకుంది. ఆంటీ మీదకి రాదు. నాకు ఇంగ్లీషు అంత బాగా రాదని ఆ వాక్యం నాలుగుసార్లు చదివించుకున్నాను. అప్పుడు పెట్టింది అమ్మాయి రిలీజ్ మీద సంతకం. తర్వాత మా కంపెనీతో లాయరు చాలాకాలం బేరాలాడాడు, సొంత కంపెనీ అయినంత మాత్రాన అడగ్గానే ఇవ్వరు. ఆపరేషన్ అయింది. వేళ్ళు మెల్లగా వచ్చాయి. చిటికెన వేలు ఇప్పటికీ చలికాలంలో మొద్దుబారుతుందట. ఉద్యోగం ఎలాగో నిలిచింది, ఇంటినుంచి, మాటతో టైపు చేసే సాఫ్ట్‌వేరుతో నెట్టుకొచ్చింది.

పిల్లలూ, మనవాళ్ళలో క్షమించడం మంచి అలవాటు, మానమని నేననను. భోజనం పెట్టుకుని, ఏడ్చుకుని, కావలించుకుని క్షమించుకోండి. క్షమాపణకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. రిలీజ్‌కి కావాలి. ఆ రెండూ ఒకే పూట, ఒకే సోఫాలో పెట్టుకోకండి.

నేను రిటైరయ్యే ముందు నా బల్ల దగ్గరికొచ్చిన ఆఖరి ఖాతాదారుల్లో కూరల ఆంటీ ఒకరు. పాత చిన్న పాలసీ తీసేసి పెద్దది రాయించుకుంది. అండర్‌ఇన్సూర్డ్ దగ్గరకొచ్చేసరికి, ఎంత ఎక్కువ ఇస్తారో అంతా పెట్టమంది.

నాకు నోరు ఊరుకోదు కదా. "చెల్లెమ్మా, పొరపాటు పడుతున్నారేమో. ఇది మీరు ఎవర్నైనా గుద్దితే పనికొచ్చేది కాదు. ఎవరైనా మిమ్మల్ని గుద్దితే పనికొచ్చేది" అన్నాను.

ఆవిడ తలెత్తకుండా సంతకం పెడుతూ అంది: "తెలుసులెండి అన్నయ్యగారూ. రోడ్డు మీద నాలాంటి వాళ్ళు కూడా తిరుగుతుంటారని నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?"